ఆ జింక మా మేడమ్ గారిది కాదు

మా మేడమ్ గారు పోయారన్న సంగతి నాకు మనిషెవరూ చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. పొద్దున కాలేజీకి వెళ్తూ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే స్కూటీ ఆపాను. ఎదురుగా స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఎవరో ఆవిడ నవ్వుతోంది. తెల్లటి మొహం, నల్లటి జుట్టు, తల వెనక వెలుగు చక్రం, పక్కన దీపం, పైన పావురాలు. ఎవరో నాయకుడి తల్లి కాబోలు అనుకున్నాను. పచ్చ లైటు పడి, వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే అప్పుడు కింద పేరు చదివాను. బండి కదల్లేదు. ఒక ఆటో అతను "ఏమ్మా, నిద్రొస్తోందా?" అని అరుచుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

ముందు రోజు మధ్యాహ్నం గుండె ఆగి పోయారట. కాలేజీ గ్రూపులో పెట్టారట. ఆ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ పూలూ, కరస్పాండెంట్ గారి పుట్టినరోజు కేకులూ చూడలేక దాన్ని తెరవడం మానేసి చాలాకాలమైంది. నాకు డిగ్రీలో జువాలజీ చెప్పిన మనిషి, తర్వాత అదే డిపార్ట్‌మెంట్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉద్యోగం నేర్పిన మనిషి పోతే, నేను ఇంట్లో కాకరకాయలు వేయించుకుంటున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఫ్లెక్సీ సంగతి ఇంకొంచెం చెప్పనివ్వండి. మేడమ్ గారు చామనచాయ. వాళ్ళు పాలలో ముంచి తీసినట్టు తెల్లగా చేశారు. పెదవి పక్కన కందిగింజంత పుట్టుమచ్చ ఉండేది, తుడిచేశారు. సగం నెరిసిన జుట్టుకి నల్లరంగు కొట్టారు. సీసా అడుగంత మందం కళ్ళజోడు లేకుండా ఆవిడ పక్కనున్న గోడని కూడా పోల్చుకోలేరు, అలాంటిది ఆ కళ్ళజోడు పీకేసి ఎవరివో కళ్ళు పెట్టారు. కింద వరసగా సంతాపం తెలిపేవాళ్ళ ఫొటోలు. అందులో కరస్పాండెంట్ గారి ఫొటో పోయినావిడ ఫొటోకి దీటుగా ఉంది.

మేడమ్ గారు దాన్ని చూస్తే ఏమనేవారో నాకు తెలుసు. "చచ్చినదాన్ని బతికున్నట్టు నిలబెట్టాలంటే, బతికున్నప్పుడు దాని మొహం ఒక్కసారన్నా సరిగ్గా చూసుండాలమ్మాయ్." ఈ మాట ఆవిడ మనుషుల గురించి అనలేదు, జింక గురించి అన్నారు. ఈ నాలుగు ముక్కలూ ఆ జింక గురించే రాస్తున్నాను. ఎందుకంటే దాని మీద ఇప్పుడు ఆవిడ పేరుంది, ఆ పేరు అక్కడ ఉండకూడదు.

సంతాప సభలో అందరూ "ఆవిడ శాంతమూర్తి, ఎవర్నీ ఒక్క మాట అనేవారు కాదు" అన్నారు. అబ్బో! ఆవిడ అనని మాట లేదు. ప్రాక్టికల్స్‌లో బొమ్మ తప్పు గీస్తే "ఇది కప్పా? కప్పకి తెలిస్తే నీ మీద కేసు పెడుతుంది" అనేవారు. ప్రిన్సిపాల్ గారు మీటింగులో గంటసేపు మాట్లాడితే, చివర్లో లేచి "ఇందులో పని సంగతేమన్నా ఉంటే చెప్పండి, రాసుకుంటాను" అనేవారు. మంచి మనిషే, కానీ మెత్తటి మనిషి కాదు. ఆ గట్టితనం తీసేసి చూపిస్తే మిగిలేది ఆవిడ కాదు.

ఆవిడ పుట్టిల్లు పెడన. మగ్గాల ఇల్లు. వాళ్ళ నాన్నగారు చీర చేతికివ్వగానే ముందు వెనక్కి తిప్పి చూసేవారట. ముందువైపు ఎవరైనా ముస్తాబు చేస్తారు, నేత సంగతి వెనకవైపు చెబుతుందని. మేడమ్ గారు ఆ అలవాటు కాలేజీకి తెచ్చుకున్నారు. ఏ వస్తువైనా తిప్పి, అడుగు చూసి, వాసన చూసి గానీ ఒప్పుకునేవారు కాదు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ చిన్న టార్చీ, ఒక చెక్క దువ్వెన, కర్చీఫులో కట్టిన కలరా ఉండలు ఉండేవి. బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు పెట్టె తెరిచినట్టు ముక్కు చిట్లించేవారు. ఆ దువ్వెన తలకి కాదు. మ్యూజియంలో ఉన్న ముంగిసకీ, కొండముచ్చుకీ, పునుగుపిల్లికీ వెంట్రుకలు సర్దడానికి.

గవర్నర్‌పేట సందులో ఉన్న మా కాలేజీ మ్యూజియం అంటే ఒక పొడుగాటి గది. సీసాల్లో పాములు, అద్దాల బీరువాల్లో పక్షులు. జింక మాత్రం లేదు. "మన పిల్లలు జింకని క్యాలెండర్లో తప్ప చూడలేదు. అది కాలు ఎట్లా మడుస్తుందో తెలియని వాళ్ళకి నేను పరుగు గురించి పాఠం చెబుతున్నాను" అని బాధపడేవారు. ఏళ్ళ తరబడి అటవీశాఖకి అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు. చివరికి ఆవిడ రిటైరవబోయే ఏడాది, కొండపల్లి కొండలవైపు లారీ గుద్ది చనిపోయిన ఒక ఆడ చుక్కల జింకని కాలేజీ పాఠాల కోసం ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ఆ రోజు ఆవిడ టైలరు టేపు పట్టుకుని ఆ జింక పక్కన నేలమీద కూర్చున్నారు. ముక్కు నుంచి కంటికెంత, మెడ చుట్టుకొలత ఎంత, మోకాలి దగ్గర ఎంత, అన్నీ కొలిచారు. నాతో "చర్మం ఒలిచాక ఇవి మళ్ళీ దొరకవు. చర్మం ఒక్కటే ఉంటే అది వట్టి చొక్కా" అన్నారు. చర్మానికి ఉప్పు పట్టించి ఆరబెట్టే పని దగ్గరుండి చేయించారు. చేతులు పగిలిపోయాయి. "నేను వెళ్ళిపోయాక కూడా ఇది నిలబడి పాఠం చెబుతుందే" అన్నారు, ఆ పగిలిన చేతులకి వెన్న రాసుకుంటూ. ఆవిడ నోటివెంట అంత సంతోషం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు.

ఇక ఆ చర్మానికి ప్రాణం పోసేవాడు కావాలి. దాన్నే ట్యాక్సిడెర్మీ అంటారు. మేమంతా 'స్టఫింగ్' అనేవాళ్ళం, ఆవిడకి ఆ మాట వింటేనే మంట. "దిండులో దూది కుక్కితే స్టఫింగు. ఇది కుక్కే పని కాదు. లోపల బొమ్మ చెక్కి, పైన చర్మం తొడగాలి. లోపలిది తప్పితే పైది ఎంత లాగినా కుదరదు."

పనివాణ్ణి వెతకడానికి ముందు నన్ను ఒక ఆదివారం జింకలుండే పార్కుకి తీసుకెళ్ళారు. కంచె పక్కన చాప పరిచి, పులిహోర డబ్బా మధ్యలో పెట్టి, "చూడు" అన్నారు. ఎంతసేపు చూడాలండీ అంటే "నీకు విసుగు పుట్టేదాకా. విసుగు పుట్టాక ఇంకొంచెంసేపు" అన్నారు.

"కన్ను ఎట్లా ఉంది?"

"నల్లగా, గుండ్రంగా ఉందండి."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. మళ్ళీ అదే చెప్పాను. "నీ మొహం! కంటి పాప గుండ్రంగా ఉందా? అడ్డంగా, కోలగా ఉంది. మన కంటికున్నట్టు చుట్టూ తెలుపు కనపడుతోందా? లేదు. కంటి ముందు ఆ గాడి చూశావా, కన్నీటి చార లాగ? అది ఎప్పుడూ ఉంటుంది. చేతకానివాడు దాన్ని మైనంతో పూడ్చి పెడతాడు. చెవి చూడు. ఒకటి మనవైపు, ఒకటి అటువైపు. రెండూ ముందుకే పెట్టి నిలబెడితే అది జింక కాదు, ఫొటోకి నిలబడ్డ పెళ్ళికొడుకు." వీపు మీద చుక్కలు చూపించారు. వెన్ను వెంట ముదురు చార, దానికి అటూ ఇటూ వరస తప్పని చుక్కలు. "చర్మాన్ని అతిగా లాగినా, వదులుగా వదిలేసినా ఈ వరస వంకరపోతుంది. మా నాన్న అయితే చూడగానే పక్కన పడేసేవాడు."

తర్వాత రైళ్ళెక్కి ఇద్దరు పనివాళ్ళ దగ్గరికి వెళ్ళాం. మొదటాయన పెద్ద నగరంలో, ఏసీ గదిలో కూర్చోబెట్టి కొత్తగా చేసిన దుప్పి తల చూపించాడు. ముక్కు మీద వార్నిష్ తళతళలాడుతోంది. మేడమ్ గారు మెచ్చుకోలేదు, తిట్టలేదు. "మీరు చేసినవాటిలో అన్నిటికంటే పాతది చూపించండి" అన్నారు. ఆయన తెల్లమొహం వేశాడు. పాతవి ఎవరు చూస్తారండీ అన్నాడు. బయటికొచ్చాక నాతో అన్నారు: "మాది కృష్ణ ఒడ్డున ఊరు. అయిదు నెలలు గోడలు చెమరుస్తాయి. ఇవాళ బాగున్నది నాకెందుకు? నాలుగు వానాకాలాలు తిన్నది చూపించమను."

రెండో ఆయన పెద్దవయసు మనిషి, దక్షిణాదిలో సముద్రం పక్క ఊళ్ళో ఉండేవారు. ఆయన వసారాలో ఎప్పుడో చేసిన జింక ఒకటి ఉంది. మేడమ్ గారు అడక్కుండానే దాని ముందు కూలబడ్డారు. టార్చీ వేసి ముక్కు రంధ్రాల్లోకి చూశారు, లోతుదాకా చర్మం మడిచి ఉందా, బయటే అతికించి వదిలేశారా అని. పెదవి అంచున వేలు పెట్టి చూశారు. చెవి వెనక నొక్కి, తన చెవి కూడా ఒకసారి నొక్కుకుని పోల్చుకున్నారు. పొట్ట కింద తల దూర్చి కుట్టు ఎక్కడుందో వెతికారు. దువ్వెనతో వెంట్రుకలకి ఎదురు దువ్వితే గానీ కుట్టు కనపడలేదు. దువ్వెనకి ఒక్క వెంట్రుక రాలేదు. చివరగా వంగి వాసన చూశారు. ఆ పెద్దాయన పడక్కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి నవ్వుతున్నారు. ఆయన అడిగినవి: ఆడదా మగదా, ఈనే వయసుకి వచ్చిందా, ఏ కాలంలో పోయింది, మేస్తున్నట్టు కావాలా ఉలిక్కిపడినట్టు కావాలా, కొలతలున్నాయా. కొలతలున్నాయనగానే లేచి నిలబడ్డారు. ఏడాది పడుతుంది, తొందరపెడితే ఒప్పుకోనన్నారు.

రైల్లో మేడమ్ గారు "మనం అడిగినవాటికి జవాబు చెప్పేవాడు కాదమ్మాయ్, మనల్ని అడిగేవాడు కావాలి. ఈయనే" అన్నారు. తిరుగు ప్రయాణమంతా కిటికీ దగ్గర కూర్చుని ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

కాలేజీకి గ్రేడు ఇచ్చే పరిశీలన బృందం ఆ ఏడాదే రావలసి ఉంది. వాళ్ళొచ్చేలోగా ప్రతి గదికీ రంగులు, ప్రతి కుండీకీ సున్నం. కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిపించారు.

"ఏడాది ఏంటి మేడమ్? మనకి వచ్చే నెలకి కావాలి. మన గన్నవరం రోడ్డులో ఒకాయన ఉన్నాడుగా, పెళ్ళి మండపాలకి హంసలూ, జింకలూ చేస్తాడు. మా అమ్మాయి పెళ్ళికి చేసినవి మీరూ చూశారు. ఎంత కళగా ఉన్నాయి!"

"అవి ఫైబరు బొమ్మలండీ. ఇది చర్మం."

"అదేంటి మేడమ్, జింక జింకే కదా. బొమ్మ వాడి దగ్గర రెడీగా ఉంది, చర్మం మన దగ్గర ఉంది. తొడిగితే అయిపోతుంది."

మేడమ్ గారు ఆ రోజు గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది. "సార్, చీర పాడైతే ఇంకోటి నేయచ్చు. ఈ చర్మం ఒక్కసారే వస్తుంది. ఒకసారి తప్పుగా తొడిగి ఆరిందంటే ఇక ఎవరూ బాగుచేయలేరు. నేను వెళ్ళిపోతున్నాను, నాకు సన్మానం వద్దు, శాలువా వద్దు. దీన్ని ఆ పెద్దాయనకి పంపండి చాలు."

"మీరు మరీ సెంటిమెంటల్ అయిపోతున్నారు మేడమ్" అని ఆయన నవ్వారు. పక్కనున్న ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వారు. ఆయన నవ్వితే ఈయన నవ్వక తప్పదు. మర్నాడు మేము ప్రాక్టికల్స్‌లో ఉండగా చర్మం మ్యూజియం గదిలోంచి గన్నవరం రోడ్డుకి వెళ్ళిపోయింది. కొలతలు తీసుకెళ్ళి ఇద్దామని మేడమ్ గారు ఆటో కట్టించుకుని అక్కడికి వెళ్ళారు. ఆ అలంకరణ ఆయన మర్యాదస్తుడే, కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడట. "కొలతలెందుకండీ, మా దగ్గర మౌల్డు ఉందిగా" అన్నాడట. ఆ మౌల్డు మగ జింకది. మెడ ఎత్తి, ఛాతీ విరుచుకుని, పెళ్ళికి వచ్చినవాళ్ళని చూసి గర్వపడుతున్నట్టుండే బొమ్మ.

జింక తిరిగొచ్చిన రోజు పూల తోరణాలు కట్టారు. కరస్పాండెంట్ గారు గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చెప్పను! చిన్న ఆడజింక చర్మాన్ని పెద్ద మగజింక బొమ్మ మీదకి లాగి లాగి తొడిగారు. వీపు మీద చుక్కల వరస మెట్లు దిగుతున్నట్టు వంకరపోయింది. పొట్ట కింద చర్మం చాలక తెల్లటి రెక్సీను ముక్క వేసి, కనపడకుండా ప్లాస్టిక్ గడ్డి పరిచారు. చెవులు రెండూ ముందుకి. కంటి ముందు గాడి మైనంతో పూడ్చారు. ముక్కుకి నల్ల ఎనామిల్ రంగు. ఇక కళ్ళు... జింక కళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలియక అమ్మవారి విగ్రహాలకి పెట్టే కళ్ళు తెచ్చి పెట్టాడు. పెద్దవి, తెల్లటివి, మధ్యలో గుండ్రటి నల్ల పాప. ఎటు నిలబడినా మనల్నే చూస్తున్నట్టుంటాయి. వెనక నుంచి ఎవరో ఆవిడ అప్రయత్నంగా చేతులు జోడించింది.

మేడమ్ గారు దగ్గరికి వెళ్ళి కళ్ళు చూశారు. దువ్వెన తీయలేదు. టార్చీ తీయలేదు. "ఎలా ఉంది మేడమ్?" అని కరస్పాండెంట్ గారు అడిగితే, అందరికీ వినపడేలా, "పెళ్ళి బొమ్మకి పాపం ఎవరిదో తోలు కప్పారండీ" అని బయటికి నడిచారు. బృందం వచ్చింది. జింకతో ఫొటోలు దిగింది. అందులో ఒకాయన "జీవకళ ఉట్టిపడుతోంది" అని మెచ్చుకున్నారు. పాతికేళ్ళు ఆ గదిని ఒంటిచేత్తో కాపాడిన మనిషిని ఆ రోజు ఎవరూ పిలవలేదు. వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే, అది మడత పెట్టి కుర్చీ మీద పెట్టేసి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు. గేటు దాకా వెళ్ళిన నాతో మాత్రం "ఇక ఆ మొహాలు చూడనమ్మాయ్" అన్నారు.

దసరాకి మా ల్యాబ్‌లో ఆయుధపూజ చేస్తాం. మైక్రోస్కోపులకీ, తక్కెళ్ళకీ బొట్లు పెడతాం. అంతవరకూ బాగానే ఉంది. ఆ ఏడాది జింక నుదుటికి కూడా పసుపు కలిపి పూసి, కుంకుమ పెట్టారు. ఆ కళ్ళు చూస్తే మరి పెట్టబుద్ధి పుట్టదా! కొబ్బరికాయ దాని కాళ్ళ దగ్గరే కొట్టారు. మేడమ్ గారు ఉన్నన్నాళ్ళూ బీరువా తాళాలు కొంగున కట్టుకుని "పూజ మైక్రోస్కోపులకి చేసుకోండి, నా జంతువుల జోలికొస్తే ఊరుకోను" అని గుమ్మంలో నిలబడేవారు. ఇప్పుడు గుమ్మంలో ఎవరూ లేరు. నేను అడ్డుపడితే "దేవుడి పని కూడా వద్దంటే ఎలాగండీ" అన్నారు. పసుపు తడి దిగిన చోట వెంట్రుకలు ఊడాయి. కొబ్బరినీళ్ళకి చీమలు పట్టాయి.

వానాకాలంలో మేడమ్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చేది. ముందు నా పిల్లల సంగతి అడిగేవారు, తర్వాత కూరేంటని అడిగేవారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "ఎలా ఉందే అది?" అనేవారు. నేను అబద్ధం చెబితే ఇట్టే కనిపెట్టేసేవారు. మెడ దగ్గర కుట్టు విచ్చుకుందని చెప్పిన రోజు, ఏ వైపని మాత్రం అడిగి ఫోను పెట్టేశారు. మర్నాడు సాయంత్రం, కాలేజీ వదిలాక, గొడుగు మడుచుకుంటూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. రిటైరయ్యాక ఆవిడ ఆ మెట్లెక్కడం అదే మొదలు, అదే చివర.

"మీరు దీన్ని చూడనన్నారుగా మేడమ్" అన్నాను.

"చేసినవాణ్ణీ చేయించినవాణ్ణీ అన్నాను. దీని తప్పేముంది?" అన్నారు.

తడి గుడ్డతో నుదుటి మీద పసుపు ఒత్తి తీశారు. విచ్చుకున్న కుట్టుని పట్టుదారంతో, అప్పటి మగ్గాల ఇంటి పిల్లలాగ వేళ్ళు పెట్టి, కనపడకుండా కుట్టారు. పూడ్చిన మైనాన్ని సూదిమొనతో కొంచెం కొంచెం గీకి కంటి ముందు గాడిని మళ్ళీ తెచ్చారు. కళ్ళు మాత్రం మార్చలేకపోయారు. వాటిని పీకితే ఆరిపోయిన రెప్ప చిరిగిపోతుందట. చివరికి చెక్క దువ్వెన తీసి, మెడ మీద నుంచి భుజం దాకా, వెంట్రుకల వాలు వెంట నెమ్మదిగా దువ్వారు. దువ్వుతూ ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూడటం అదొక్కసారే. "నిన్ను సరిగ్గా నిలబెట్టలేకపోయానే తల్లీ" అన్నారు. నాతో కాదు, దానితో.

ఇప్పుడు సంతాప సభ సంగతి. హాలు నిండా జనం. వేదిక మీద ఒకవైపు ఆ తెల్లమొహం ఫ్లెక్సీ, దానికి పూలదండ. రెండోవైపు, మ్యూజియంలోంచి నలుగురు మోసుకొచ్చి నిలబెట్టిన జింక. దానికీ ఒక దండ. నుదుట తాజా కుంకుమ. కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని గద్గదంగా చెప్పారు: "ఈ జింక మేడమ్ గారి కలల పంట. ఆవిడ దగ్గరుండి, స్వయంగా ఎంచిన కళాకారుడితో చేయించి కాలేజీకి కానుకగా ఇచ్చి వెళ్ళారు. అందుకే దీని కింద ఆవిడ పేరుతో శాశ్వతంగా పలక పెట్టిస్తున్నాం." ఇత్తడి పలక ఆవిష్కరించారు. ఆవిడ పేరు వేసి, 'వీరి ఆధ్వర్యంలో రూపొందినది' అని చెక్కించారు. చప్పట్లు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

నన్నూ మాట్లాడమన్నారు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. "ఈ జింక మేడమ్ గారు చేయించలేదు. ఆవిడ వద్దన్నారు, బతిమాలారు, మీరు వినలేదు. ఆ కుట్టు ఒక్కటే ఆవిడది, మెడ దగ్గరది" అన్నాను. మైకు ఆగిపోయింది. నిజంగా కరెంటు పోయిందో, ఎవరైనా తీశారో తెలియదు. ముందు వరసలో వాళ్ళకి మాత్రం వినపడింది. కరస్పాండెంట్ గారు నా భుజం తట్టి "బాధలో ఉన్నావమ్మా, కూర్చో" అన్నారు. తర్వాత ఆయన గదికి వెళ్ళి ఆ పలక తీయించమని అడిగాను. "పేరు పెట్టడం గౌరవం కదమ్మా, అందులో తప్పేముంది?" అన్నారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. మంచి పనివాణ్ణి ఎంచడం ఎలాగో జీవితమంతా నేర్పిన మనిషి పేరు, చెడ్డ పని కింద శాశ్వతంగా ఉంటుంది. ముందు ముందు వచ్చే పిల్లలు ఆ పెద్ద తెల్లకళ్ళు చూసి, కింద పేరు చదివి, ఆహా, ఈవిడ ఇంత మాత్రమే తెలిసినావిడ అనుకుంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరెప్పుడైనా మా మ్యూజియానికి వస్తే పలక నమ్మొద్దు. మా మేడమ్ గారు నేర్పినట్టు చూడండి. ముందు కళ్ళు చూడండి, అవి ఎవరివో మీకే తెలుస్తుంది. వీపు మీద చుక్కల వరస చూడండి. వంగి పొట్ట కింద చూడండి. తర్వాత మెడ ఎడమవైపుకి రండి. అక్కడ ఒక కుట్టుంటుంది, మీకు కనపడదు. కనపడకపోవడమే ఆవిడ.

పెద్దకర్మ నాడు ఆవిడ చెల్లెలు గారు నన్ను పక్కకి పిలిచి, "అక్క బ్యాగులో ఇది ఉందమ్మా, తల దువ్వుకునేదో ఏమో, పారేయబుద్ధి కాలేదు" అని కర్చీఫులో చుట్టిన చెక్క దువ్వెన నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి విప్పాను. కలరా ఉండల వాసన గది నిండా పరుచుకుంది. పళ్ళ మధ్య, మొదట్లో, నాలుగైదు పొట్టి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. లేత ఇటుకరంగువి, ఒకటి మాత్రం తెల్లది. చుక్కలోది.